గోడ పక్క నూరువరహాలు

భూతద్దం పెట్టి పేనుబంకను మొదటిసారి చూసిన రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేదు. అసహ్యం వేసి కాదు, సంబరం పట్టలేక! గన్నేరు చిగురు మీద పసుపుపచ్చ ఒళ్లు, నల్లటి కాళ్లు, గుంపులు గుంపులు. అందులో ఒకటి నా కళ్లముందే పిల్లను కంటోంది. గుడ్డు పెట్టడం కాదు, నిజంగా పిల్లను కనడమే! ఆదోనిలో మా ఇంటి వాకిట్లో ఉన్న గన్నేరు అది. వంటింట్లో ఉన్న అమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. అమ్మ అద్దంలోంచి చూసి, "తోబా! ఇవన్నీ ఇన్నాళ్లూ మన వాకిట్లోనే కాపరముంటాండాయా?" అంది. తర్వాత ఇంకోసారి చూపించమంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా అదే నా ఉద్యోగమైంది. ఆదోని, ఎమ్మిగనూరు పార్కుల్లో, రోడ్డు మధ్యలో, ఆఫీసుల ముందు పెంచే పూలమొక్కలకు, కంచె మొక్కలకు ఏ పురుగు పట్టిందో, ఏ తెగులు వచ్చిందో చూసి చెప్పడం. నా పేరు షమీమ్. ఊళ్లో మాత్రం ఆకుల మేడం. కొత్తవాళ్లకు పరిచయం చేస్తే, "పూలచెట్లకు గూడా డాక్టరమ్మ ఉంటాదా?" అని నవ్వేవాళ్లు. పత్తి ఎండితే ఇల్లు గడవదు, మందారం ఎండితే ఏమవుతుంది అని వాళ్ల లెక్క. నేను వాదించేదాన్ని కాదు. వాళ్ల చేతిలో అద్దం పెట్టేదాన్ని, అంతే.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నాకు ఫోన్లు చేస్తుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా గెలుపు ఒకటి చెబుతాను, నా తప్పు ఒకటి చెబుతాను. తప్పుకే ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే నాకు పని నేర్పింది అదే.

శెట్టిగారి మందారం

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి ఉండేవారు. అందరూ శెట్టిగారు అనేవాళ్లు. ఆయన బంగళా ముందు వరసగా మందారం కంచె. ఒక ఉదయం మనిషిని పంపి నన్ను పిలిపించారు. వెళ్లి చూద్దును కదా, కొమ్మలన్నీ తెల్లటి దూది అంటించినట్లు ఉన్నాయి. పిండినల్లి.

"మిమ్మల్ని పిలిసే పనే లేదు మేడం," అన్నారు శెట్టిగారు. "పత్తి మీద ఇవి సూసి సూసి నా తల నెరిసింది. పత్తికి కొట్టే మందే తెప్పించి రెండు తూర్లు కొట్టించినా. తగ్గల్యా. ఇంగా ఎక్కువాయ."

మందారం, పత్తి ఒకే ఇంటివి, దాయాదులు. ఆ సంగతి ఈ ప్రాంతంలో పత్తి తెలిసిన ప్రతివాళ్లకీ తెలుసు. కాబట్టి పురుగూ అదే, మందూ అదే అనుకుంటారు. ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఇంత ధీమాగా ఈ పొరపాటు చేయరు!

అద్దం పెట్టి కొమ్మలన్నీ వెతికాను. పిండినల్లి గుంపులో ఒకచోట కొంచెం పెద్దది, ఒళ్లంతా తెల్లటి కుచ్చులు వేలాడుతున్నది కనిపించింది. చూడడానికి పిండినల్లే. కానీ పరుగెత్తుతోంది! పిండినల్లి అలా పరుగెత్తదు. ఇంకాస్త దగ్గరికి వంగి చూశాను. పక్కనున్న పిండినల్లిని పట్టుకుని నములుతోంది. నేను గట్టిగా కేక పెట్టాను. శెట్టిగారు తేలు కుట్టిందేమోనని ఉలిక్కిపడ్డారు.

అది అక్షింతల పురుగు అనే గుండ్రటి చిన్న పెంకుపురుగు పిల్ల. పిండినల్లిని తినడానికి పిండినల్లి వేషమే వేసుకుని గుంపులోకి దూరుతుంది. పిండినల్లికి ఒంటి మీద మైనం పొర ఉంటుంది, మందు దానికి సరిగా అంటదు. శెట్టిగారి మందు ముందుగా చంపింది ఈ కాపలాదారులను. అందుకే పురుగు ఎక్కువైంది. ఆయన చేతికి అద్దం ఇచ్చాను.

"తింటాంది మేడం! తల కాడ్నించి తింటాంది!" అని ఆయన మెట్ల మీదే కూర్చుండిపోయారు. ఆ రోజు మార్కెట్టుకు గంట ఆలస్యంగా పోయారని తర్వాత వాళ్లింటి వాళ్లు చెప్పారు.

మందు ఆపించాను. బాగా ముదిరిన కొమ్మలు కోయించి కాల్పించాను. పిండినల్లిని మోసుకు తిరిగే చీమల పుట్టలను తవ్వించాను. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టించాను. వానలు పడేసరికి కంచె నిండా అక్షింతల పురుగులే. శెట్టిగారు ఆ తర్వాత కనిపించిన ప్రతివాడికీ ఈ కథ చెప్పారు, అదీ ఆ పురుగును తానే కనిపెట్టినట్లు! నాకేమీ కోపం రాలేదు. కానీ ఊళ్లో నా పేరు మోగిపోయి, గర్వం నా తలకెక్కింది. ఆ గర్వంతోనే ఎమ్మిగనూరు పార్కులోకి అడుగుపెట్టాను.

నల్లచుక్కలు దొరికాయి

ఎమ్మిగనూరులో మగ్గాల ఇళ్లను ఆనుకుని ఒక చిన్న పార్కు ఉంది. పార్కుకూ ఆ ఇళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. గోడ పక్కన ఎర్రటి గుత్తులు పూసే నూరువరహాల మొక్కలు ఒక వరుస, నడకబాట పక్కన ఇంకో వరుస. రెండు వరుసలకూ మధ్య నాలుగు అడుగుల ఎడం. వాటిని నాటి పెంచింది మద్దిలేటి అనే తోటమాలి. దినకూలీ మనిషి. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా పార్కులో పని, ఆ తర్వాత ఇంకెక్కడో బరువులు మోసేవాడు. మాట తక్కువ. మొక్కను మాత్రం పేరు పెట్టి పిలిచినట్లే చూసేవాడు.

అది ఎండాకాలం. మూడు వారాల్లో ఒక పెద్దమనిషి పార్కు చూడడానికి వస్తున్నాడని మా పెద్దసారుకు కబురు వచ్చింది. అప్పుడే గోడ పక్క నూరువరహాలు చెడిపోవడం మొదలైంది. ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి, అంచులు మాడి రాలిపోతున్నాయి.

"షమీమ్ గారూ, నాకు వివరాలు వద్దండీ. తెగులు పేరు, మందు పేరు సాయంత్రంలోగా చెప్పండి," అన్నారు పెద్దసారు. ఆయన కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు, భయస్తుడు. భయస్తుల దగ్గర పనిచేసేటప్పుడు మనం కూడా తొందరపడతాం, గుర్తుపెట్టుకోండి.

నేను పోయి మాడిన ఆకు ఒకటి తెంపి అద్దం కింద పెట్టాను. మాడిన చోట సన్నటి నల్లచుక్కలు. దొరికింది! బూజు తెగులు. నాకు ఎంత హుషారు వచ్చిందంటే ఇంకో ఆకు కూడా తెంపలేదు.

మద్దిలేటి వెనక నిలబడి మెల్లగా అన్నాడు. "మేడం, గోడ పక్క వరుసే మాడతాంది. బాట పక్కది బాగుండాది. రెండూ ఒగే దినం నాటినా. ఒగే నర్సరీ మొక్కలు."

"గోడ పక్కన గాలి ఆడదు మద్దిలేటీ, తెగులు అక్కడే మొదలవుతుంది. చూస్తూ ఉండు, బాట పక్కకూ వస్తుంది," అన్నాను. ఎంత చక్కటి జవాబు! చదువుకున్నవాళ్లకు ప్రతిదానికీ ఒక జవాబు దొరుకుతుంది. మా జబ్బు అదే.

మందు రాసిచ్చాను. మద్దిలేటి నేను చెప్పిన మోతాదులో, చెప్పిన రోజున, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాడు. వారం తర్వాత మళ్లీ కొట్టాడు. గోడ పక్క వరుస ఇంకా అధ్వానమైంది.

మొదటి కాగితం

పెద్దసారు నన్ను పిలిచారు. "మందు సరైనదే కదా?" అన్నారు. సరైనదే అన్నాను. "అయితే కొట్టినవాడు సరిగా కొట్టలేదు. అలాగే రాసి, అతని సంతకం తీసుకురండి. అతన్ని తీసేసి కొత్త మనిషిని పెట్టుకుందాం. పైవాళ్లు అడిగితే చెప్పడానికి ఒక కాగితం ఉండాలండీ."

మందు పనిచేయకపోతే రెండే కారణాలు ఉండాలి అనిపించింది నాకు. మందు రాసిన నేనైనా తప్పు, కొట్టిన అతనైనా తప్పు. నేను ఏది ఎంచుకున్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. రాశాను. మద్దిలేటి మందు కొట్టడంలో అశ్రద్ధ చూపాడని నా చేత్తోనే రాశాను.

పార్కులో సిమెంటు బెంచీ మీద ఆ కాగితం పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టు మద్దిలేటీ," అన్నాను. చదివి వినిపించలేదు. అతనూ అడగలేదు. అతని కళ్లు కాగితం మీద కొంచెంసేపు నిలిచాయి. సంతకం చేయడం మాత్రమే నేర్చుకున్న మనిషి, అక్షరాలు రావు అనుకున్నాను. అనుకోవడం కాదు, అలా ఉంటే బాగుండునని కోరుకున్నాను. అతను నెమ్మదిగా సంతకం పెట్టి పెన్ను నాకిచ్చి, పైపు తీసుకుని బాట పక్క వరుసకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

కాగితం పెద్దసారు బల్ల మీదికి చేరింది. వారానికి ఒకసారి కాగితాలు పైకి పోయేవి. ఇంకా నాలుగు రోజులు ఉంది.

పసుపు ఎర్రబడింది

ఆ నాలుగు రోజుల్లో రెండు రోజులు నాకు స్థిమితం లేదు. బస్సులో కూర్చున్నా, రొట్టె చేస్తున్నా ఒకే ప్రశ్న. రెండు వారాలైంది కదా, బాట పక్కకు ఎందుకు రాలేదు? బూజు తెగులు నాలుగు అడుగులు దాటలేదా? అంత మర్యాదగా ఒకే వరుసలో నిలబడే తెగులును నేనెప్పుడూ చూడలేదు!

మూడో రోజు ఎమ్మిగనూరు ఆఫీసులో పని అయ్యాక ఆదోని బస్సు ఎక్కకుండా పార్కుకు పోయాను. అన్నేళ్లలో నేను అక్కడికి సాయంత్రం పూట పోవడం అదే మొదటిసారి. గోడ దగ్గరికి వెళ్లేసరికి, అవతలి నుంచి ఒక ముసలామె బకెట్టు ఎత్తి నూరువరహాల మొదట్లో నీళ్లు పోస్తోంది. మగ్గాల ఇళ్లలో ఉండే సరోజమ్మ. రోజూ పొద్దున పూజకు ఈ మొక్కల పూలు కోసుకుపోయే మనిషి.

"ఎండకు సచ్చిపోతాండాయని పోస్తాండాం తల్లీ," అంది. "మద్దిలేటి పొద్దున పోసే నీళ్లు యాడ సాల్తాయి ఈ ఎండకు? పూలు మనకిస్తాయి గదా, మనం నాలుగు బకెట్లు పొయ్యకుంటే ఎట్ల? ఈ వరుస ఇళ్లోళ్లమంతా పోస్తాండాం."

"ఏం నీళ్లమ్మా అవి?"

"రంగునీళ్లు గావు, దేవుని తోడు! రంగునీళ్లు కాలవకే పోస్తాం. ఇవి తేటనీళ్లు. నూలు ఉడకబెట్టి జాడించిన నీళ్లు."

నూలుకు రంగు ఎక్కించే ముందు దాన్ని సోడా వేసి ఉడకబెడతారు. ఆ నీళ్లకు రంగు ఉండదు. బకెట్టులో చెయ్యి పెట్టాను. వేళ్లు సబ్బు పట్టుకున్నట్లు జారాయి. మొక్క మొదట్లో మట్టి చూశాను. పైన తెల్లటి పొర కట్టి ఉంది, పోసిన నీళ్లు ఇంకకుండా పైనే నిలిచి ఉన్నాయి. ఇన్ని రోజులూ ఆ మట్టిని నేను ఒక్కసారైనా వంగి చూడలేదు!

"అమ్మా, కొంచెం పసుపు తెస్తావా?" అని అరిచాను. ఆమె నన్ను వింతగా చూసి లోపలికి పోయి చిటికెడు పసుపు తెచ్చింది. రెండు గ్లాసులు అడిగాను. ఒకదాంట్లో పార్కు కుళాయి నీళ్లు, రెండోదాంట్లో ఆ తేటనీళ్లు పోసి, రెండింట్లోనూ పసుపు వేశాను. కుళాయి నీళ్లు పచ్చగానే ఉన్నాయి. తేటనీళ్లు ఎర్రబడ్డాయి!

"పారాణికి సున్నం కలిపినట్ల అయింది గదమ్మా!" అంది సరోజమ్మ. ఆ మట్టి పొరను గీకి కుళాయి నీళ్లలో కలిపి పసుపు వేశాను. అదీ ఎర్రబడింది. నేను నిజంగానే ఎగిరి గంతేశాను. గోడ అవతల ఆడవాళ్లు నలుగురు పోగై నవ్వుతున్నారు. "ఇదే! ఇదే చంపింది! తెగులు కాదు, పురుగు కాదు, సోడా! నూరువరహాలకు సోడా అంటే విషం!"

అరిచాక సరోజమ్మ ముఖం చూశాను. ఆమె నవ్వడం లేదు. చేతిలో ఖాళీ బకెట్టు పట్టుకుని మాడిన వరుసను ఈ చివరి నుంచి ఆ చివరికి చూస్తోంది.

"అంటే నేనే సంపినానా తల్లీ? ఈ సేత్తోనే?"

నా సంబరమంతా నోట్లోనే ఆగిపోయింది. గోడ మీది నుంచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "లేదమ్మా, నువ్వు దాహం తీర్చాలని పోశావు. తప్పు నాది, చూడాల్సినదాన్ని నేను," అన్నాను. మాడిన ఆకు మీద నేను చూసిన నల్లచుక్కలు ఆ ఆకును చంపినవి కావు. చచ్చాక దాని మీద చేరినవి. నేను ఒక ఆకును చూశాను, వరుసను చూడలేదు. వరుసను చూసిన మనిషి మాట వినలేదు.

రెండో కాగితం

మర్నాడు ఆఫీసు తెరవకముందే పెద్దసారు గది ముందు నిలబడ్డాను. విషయమంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తర్వాత, "బాగుందండీ. అయితే ఆ మగ్గాల ఇళ్లకు నోటీసు ఇద్దాం. కారణం వాళ్లేనని రాయండి," అన్నారు.

ఎవరో ఒకరి పేరు ఆయనకు కావాలి. నా పేరే రాసిచ్చాను. తెగులును గుర్తించడంలో పొరపాటు నాదని, మద్దిలేటి మందు సరిగానే కొట్టాడని, అసలు ఆ మందే అక్కర్లేదని రాశాను. ఆయన రెండుసార్లు చదివి, "ఇది మీ సర్వీసు రికార్డులో ఉండిపోతుంది," అన్నారు. ఉండనివ్వండి సార్ అన్నాను. ఆయన మొదటి కాగితాన్ని సొరుగులోంచి తీసి, నా ముందే నిలువునా రెండు ముక్కలు చేసి బుట్టలో వేశారు. అందుకు ఆయనకు ఇప్పటికీ నమస్కారం పెడతాను.

ఇక మొక్కల పని. మద్దిలేటి, నేను కలిసి మట్టి పొర గీకించాం. మట్టిలో సోడా విరగడానికి జిప్సం వేసి, మంచినీళ్లు మళ్లీ మళ్లీ పారించాం. ఆకులకు ఇనుము అందించే అన్నభేదిలో కొంచెం నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లించాం. సరోజమ్మ వాళ్లు కుళాయి వచ్చిన రోజు తలా ఒక బిందె మంచినీళ్లు గోడ మీది నుంచి అందించారు. తాగే నీళ్లు! వద్దంటే వినలేదు.

పెద్దమనిషి రానే వచ్చాడు. అప్పటికి ఆ వరుస ఈకలు పీకిన కోడిలా ఉంది. ఆయన ఫోన్లో మాట్లాడుకుంటూ వచ్చి, ఫోన్లో మాట్లాడుకుంటూనే పోయాడు. నూరువరహాల వైపు చూడనే లేదు! ఈయన కోసమేనా ఒక మనిషి కూడు పోగొట్టబోయాను అనుకున్నాను.

కొన్ని మొక్కలు బతకలేదు. మిగిలినవి వానలు పడ్డాక చిగురేశాయి. ఒక ఉదయం మద్దిలేటి ఫోన్ చేశాడు. "మేడం, గోడ పక్కది మొగ్గేసినాది! గుత్తులకు గుత్తులు! ఎప్పుడొస్తారు?" దొరికిన మొదటి బస్సు ఎక్కి పోయాను. ఎర్రగా, గోడ పొడుగునా, అబ్బ! ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను అంత సంతోషంగా చూసిన పూలు లేవు.

మీకు చెప్పదలచింది

ఇప్పుడు మీరు ఆకు ఫోటో తీసి ఫోన్లో పెడితే క్షణంలో తెగులు పేరు వస్తుంది. వాడండి, నేనూ వాడతాను, ముచ్చటగా ఉంటుంది. కానీ నేను చేసిన తప్పే అదీ చేస్తుంది. ఒక ఆకునే చూస్తుంది. మీరు పది అడుగులు వెనక్కి జరిగి నిలబడండి. చెడింది ఏ వరుస, బాగున్నది ఏ వరుస, మధ్యలో ఏముంది అని చూడండి. పురుగూ తెగులూ గీత గీసినట్లు ఆగవు. అలా ఆగిందంటే చాలావరకు మనిషి చెయ్యే. ఉదయం చూసిన మొక్కను సాయంత్రం కూడా చూడండి. మట్టిని ముట్టుకోండి. గోడ అవతల ఎవరున్నారో, వాళ్లు ఏ పని చేసుకుని బతుకుతున్నారో తెలుసుకోండి. ఆ మొక్కకు రోజూ నీళ్లు పెట్టే మనిషి ఏమన్నాడో ముందు రాసుకుని, ఆ తర్వాత అద్దం బయటికి తీయండి.

శాలువా కప్పిన రోజు

నేను ఉద్యోగం ముగించిన రోజు ఆదోని ఆఫీసులో శాలువా కప్పారు. మద్దిలేటి ఎమ్మిగనూరు నుంచి నూరువరహాల గుత్తులు తడిగుడ్డలో చుట్టుకుని వచ్చాడు. అందరూ పోయాక వరండాలో అతనొక్కడే మిగిలాడు. అన్నేళ్లుగా చెప్పలేనిది ఆ రోజు చెప్పేశాను.

"మద్దిలేటీ, ఆ ఎండాకాలం నీతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను, గుర్తుందా? అందులో నేను నీ మీద అబద్ధం రాశాను."

"తెలుసు మేడం."

"ఎవరు చెప్పారు?"

"ఎవురూ సెప్పల్యా. ఆ పొద్దు బెంచీ మీదనే సదువుకున్నా. ఏడో తరగతి దాంక సదివినా గదా."

"చదివి కూడా ఎందుకు సంతకం పెట్టావయ్యా?"

"పెట్టకుంటే ఆ పొద్దే పొమ్మనేవాళ్లు. పెడితే కాగితం పైకి పోయేకి నాలుగు దినాలు పడతాది. ఆ లోపల మీరు మళ్లా వస్తారనుకున్నా."

"వస్తానని ఎట్లా అనుకున్నావు?"

మద్దిలేటి పూలగుత్తి నా చేతిలో పెట్టాడు.

"పెన్ను సంచిలోంచి తీస్తా ఒగసారి గోడ దిక్కు సూసినారు మేడం. ఆ వరుసను మీరు మొత్తంగా సూసింది అదే మొదలు."